పార్ట్ 2 వసూళ్లు, పార్ట్ 1 బాణీ: మద్రాసు సీట్లోంచి ఒక లెక్క

పుష్ప 2 పోస్టర్ మీద నిర్మాతలు చివరగా వేసిన అంకె 1,871 కోట్లు. బాహుబలి 2 ట్రేడ్ లెక్కల్లో 1,810 కోట్ల దగ్గర ఆగింది. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టుకుని ఏది పెద్దదని జుట్లు పట్టుకునేవాళ్లని ముందు అడగాల్సింది ఒక్కటే: టికెట్ ఎంతకి అమ్మారు? 2017 ఏప్రిల్ 28న బాహుబలి 2 వచ్చేనాటికి చెన్నై మల్టీప్లెక్సుల్లో టికెట్ 120 రూపాయలు దాటకూడదు. 2024 డిసెంబరు 4 రాత్రి 9:30కి పుష్ప 2 ప్రీమియర్ వేసుకోవడానికి తెలంగాణలో మామూలు రేటు మీద అదనంగా 800 పెంచుకోనిచ్చారు. మధ్యలో ఏడేళ్లు గడిచాయి. అంకెలు దగ్గరగా ఉన్నాయంటే, థియేటర్లోకి వెళ్లిన తలకాయలు ఏ సినిమాకి ఎక్కువో చెప్పడానికి పెద్ద గణితం అక్కర్లేదు.

తలకాయల లెక్క తెలియాలంటే మద్రాసు మంచి చోటు. ఇక్కడ రేటుకి కప్పు, అంటే గరిష్ఠ పరిమితి, ఉంది కాబట్టి గ్రాస్ (పన్నులతో కలిపి టికెట్ల మీద వచ్చిన మొత్తం) అబద్ధమాడటం కష్టం.

2017 అక్టోబరులో తమిళనాడు ప్రభుత్వం పాతిక శాతం పెంచాక మల్టీప్లెక్స్ టికెట్ అసలు ధర గరిష్ఠంగా 150 అయింది. దాని మీద స్థానిక సంస్థల వినోదపు పన్ను, ఆపైన 18 శాతం జీఎస్టీ. అన్నీ కలిపి తమిళ సినిమాకి సుమారు 190 దగ్గర తేలేది. ఇతర భాషల సినిమాలకి వినోదపు పన్ను రేటు ఎక్కువ ఉండేది, అందుకే తెలుగు వెర్షన్ మీద పన్ను భారం ఇంకాస్త ఎక్కువ పడేది. ఆన్‌లైన్‌లో కొన్నప్పుడు పడే కన్వీనియన్స్ ఫీజు వేరే పద్దు. మీ జేబులోంచి 220 పైన పోయినా సినిమా గ్రాస్‌లో ఎక్కేది 190 మాత్రమే. పాప్‌కార్న్ సంగతి సరేసరి.

బెంగళూరులో ఈ కప్పు లేదు. 2017లో ఒకసారి 200కి మించకూడదని ఉత్తర్వు తెచ్చారు, నిలబడలేదు. 2025 సెప్టెంబరులో మళ్లీ తెచ్చారు, అదే నెల 23న హైకోర్టు మధ్యంతర స్టే ఇచ్చింది. కాబట్టి పెద్ద సినిమా మొదటి వారాంతంలో అక్కడి మల్టీప్లెక్స్ టికెట్ 500 అనుకోవడంలో అతిశయోక్తి లేదు. రిక్లైనర్ సీట్లు వెయ్యి దాటడం కూడా అందరూ చూసిందే.

ఇప్పుడు కాగితం మీద వేసి చూద్దాం. 500 టికెట్‌లో జీఎస్టీ 76 రూపాయల 27 పైసలు తీసేస్తే నెట్ 423.73. మొదటి వారం డిస్ట్రిబ్యూటర్‌కి సగం అనుకుంటే అతని చేతికి 211 రూపాయల 86 పైసలు. చెన్నైలో నెట్ 150, అందులో సగం 75. అంటే బెంగళూరులో ఒక్కడు చూస్తే వచ్చే షేర్ రావడానికి చెన్నైలో దాదాపు ముగ్గురు చూడాలి. కోటి రూపాయల గ్రాస్ అంటే బెంగళూరులో 20,000 టికెట్లు, చెన్నైలో 52,600 టికెట్లు. 'కర్ణాటక అదరగొట్టింది, తమిళనాడు డల్' అని మొదటి రోజే ట్వీటు పెట్టేవాళ్లు ఈ భాగహారం చేసి పెడితే సగం పంచాయితీలు ఉండవు.

బాహుబలి 2కి తమిళనాడు మొత్తం మీద సుమారు 150 కోట్ల గ్రాస్ వచ్చిందని ట్రేడ్ అంచనా. ఒక్కో టికెట్ 120 లెక్కన చూసినా కోటి పాతిక లక్షల టికెట్లు. చిన్న ఊళ్లలో రేటు అంతకన్నా తక్కువ కాబట్టి తలకాయలు ఇంకా ఎక్కువే. కేజీఎఫ్ 2 కూడా ఇక్కడ వంద కోట్లు దాటింది. పుష్ప 2 మాత్రం అక్కడిదాకా రాలేదు. విచిత్రం ఏమిటంటే ఈ మూడిట్లో మద్రాసుకి అతి దగ్గరి సినిమా అదే. కథ జరిగేది శేషాచలం అడవుల్లో, దుంగలు దిగేది చెన్నైలో, సంగీత దర్శకుడు దేవిశ్రీ ప్రసాద్ ఉండేది చెన్నైలో, జాతర సీనుకి మూలమైన తిరుపతి గంగమ్మ జాతర ఇక్కడికి మూడు గంటల దూరంలో. అయినా ఆ సినిమాకి అసలు పంట పండింది ఉత్తరాదిలో.

ఆ పంట సంగతికి వచ్చేముందు ఇంకో చిన్న లెక్క, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది: నిడివి. పుష్ప 2 మూడు గంటల 20 నిమిషాలు. ఇంటర్వెల్, యాడ్లు, హాలు ఊడ్చడం కలిపి ఒక్కో ఆటకి 4 గంటల 10 నిమిషాలు పెట్టుకోవాలి. తమిళనాడులో 2023 నుంచి ఉదయం 9కి ముందు ఆట పడదు. అంటే 9:00, 1:10, 5:20, 9:30. చివరి ఆట వదిలేసరికి ఒంటిగంట దాటుతుంది. నాలుగే ఆటలు, ఐదోది ఇరికించే సందు లేదు. రెండు గంటల 20 నిమిషాల సినిమా అయితే అదే స్క్రీన్‌లో ఐదు పడతాయి. 300 సీట్ల హాలు అనుకోండి: నాలుగు ఆటలకి 190 చొప్పున రోజు గరిష్ఠం 2 లక్షల 28 వేలు, ఐదయితే 2 లక్షల 85 వేలు. హాలు నిండినా ఒక్కో స్క్రీన్ మీద రోజుకి 57 వేలు నిడివి తినేస్తుంది. దీన్ని పూడ్చడానికి మిగతా చోట్ల చేసేది రేటు పెంచడం, తెల్లవారుజాము ఆటలు వేయడం. చెన్నైలో ఆ రెండు దారులూ మూసి ఉన్నాయి. బెంగళూరులో పుష్ప 2కి తెల్లవారకముందే ఆటలు పెట్టుకున్న థియేటర్లని కూడా జిల్లా డిప్యూటీ కమిషనర్ ఆపించారు. ఇక్కడ మిగిలిన ఒకే దారి స్క్రీన్లు పెంచడం.

షేర్ సంగతి కూడా ఒక ముక్క. హిందీ మార్కెట్‌లో నిర్మాతలకీ మల్టీప్లెక్సులకీ 2009లో జరిగిన గొడవ తర్వాత కుదిరిన ఒప్పందం ప్రకారం డిస్ట్రిబ్యూటర్‌కి మొదటి వారం నెట్‌లో 50 శాతం, రెండో వారం 42.5, మూడో వారం 37.5, ఆ తర్వాత 30. దక్షిణాదిలో శాతాలు ఊరినిబట్టి, బేరాన్నిబట్టి మారతాయి గానీ నడక ఇదే: ముందు వచ్చిన డబ్బులో సినిమా వాళ్ల వాటా ఎక్కువ, ఆలస్యంగా వచ్చినదాంట్లో థియేటర్ వాటా ఎక్కువ. సీక్వెల్‌ని మొదటి నాలుగు రోజుల్లో పిండుకోవడం అందుకే. ఏరియా కొనే బయ్యర్‌కి ఇబ్బంది ఇక్కడే మొదలవుతుంది. పార్ట్ 1 హిట్టయింది కాబట్టి పార్ట్ 2 హక్కులు రెండు మూడు రెట్లు చెబుతారు. 20 కోట్ల ఎంజీ (మినిమమ్ గ్యారంటీ, తిరిగిరాని సొమ్ము) కట్టిన వాడికి, గ్రాస్‌లో షేర్ 40 శాతం అనుకున్నా, 50 కోట్ల గ్రాస్ వస్తేనే పెట్టుబడి తిరిగొచ్చేది. 45 వచ్చిందనుకోండి, పోస్టర్ మీద బ్లాక్‌బస్టర్, బయ్యర్ ఖాతాలో 2 కోట్ల బొక్క. అదే అడ్వాన్స్ పద్ధతిలో తీసుకుంటే మిగిలిన సొమ్ము తిరిగి అడగొచ్చు, కమిషన్ మీద ఆడిస్తే అసలు నెత్తిన భారమే ఉండదు. ఒకే సినిమా ఒక ఏరియాలో లాభం, పక్క ఏరియాలో నష్టం ఎలా అవుతుందని అడిగేవాళ్లకి సమాధానం సినిమాలో దొరకదు, అగ్రిమెంట్‌లో దొరుకుతుంది.

ఇప్పుడు ఉత్తరాది. బాహుబలి 1 హిందీ నెట్ సుమారు 118 కోట్లు, రెండోది 511. కేజీఎఫ్ 1 హిందీలో 44 కోట్లు, రెండోది 434. పుష్ప 1 హిందీలో 108 కోట్ల దాకా, రెండోది 800 దాటింది. నాలుగు రెట్లు, పది రెట్లు, ఏడు రెట్లు. మూడిట్లోనూ పార్ట్ 1ని థియేటర్లో చూసినవాళ్ల కంటే ఆ తర్వాత ఇంట్లో చూసినవాళ్లు ఎన్నో రెట్లు ఎక్కువ. టీవీలో మళ్లీ మళ్లీ వేశారు, ఓటీటీలో ఉంది, ఫోన్లో ముక్కలు ముక్కలుగా తిరిగింది. కేజీఎఫ్ రెండు భాగాల మధ్య మూడేళ్ల నాలుగు నెలలు, పుష్పకి దాదాపు మూడేళ్లు. ఆలస్యమైందని అభిమానులు తిట్టుకున్న ఆ కాలమే పార్ట్ 2కి ప్రచారం చేసిపెట్టింది.

ముక్కలుగా తిరిగినప్పుడు కథ తిరగదు. తిరిగేది పదిహేను సెకన్ల మ్యూజిక్, ఒక భంగిమ. గడ్డం కింద చెయ్యి రాసుకోవడం, చెప్పు జారిపోతున్నా ఆగని ఆ స్టెప్పు, వాటి వెనక ట్యూను. మాట అర్థంకాని ఊళ్లో కూడా ట్యూను అర్థమవుతుంది. 'శ్రీవల్లి' పాటని దక్షిణాది భాషల్లో సిద్ శ్రీరామ్ పాడారు, హిందీలో జావేద్ అలీ పాడారు. గొంతు మారింది, మాటలు మారాయి, ట్యూను మాత్రం అదే. పార్ట్ 2 అడ్వాన్స్ బుకింగ్ తెరిచిన గంటలో టికెట్ కొన్నవాడు కొత్త కథకి డబ్బు కట్టలేదు, ఆ పదిహేను సెకన్లని పెద్ద స్పీకర్లలో వినడానికి కట్టాడు. సీక్వెల్ ఓపెనింగ్‌ని సగం మోసేది పార్ట్ 1 సంగీతమని నా లెక్క.

పార్ట్ 2 అంటే చాలు ఎక్కువ వస్తుందన్న భ్రమ మాత్రం వద్దు. పొన్నియిన్ సెల్వన్ రెండో భాగం ఏడు నెలలకే వచ్చింది, సంగీతం అదే రెహమాన్, వసూళ్లు మొదటి భాగం కంటే తగ్గాయి. ఇండియన్ 2 ఇరవై ఎనిమిదేళ్ల తర్వాత వచ్చింది. మొదటిదానికి రెహమాన్, రెండోదానికి అనిరుధ్. జనం చెవుల్లో ఉన్న బాణీ ఒకటి, తెర మీద మోగింది ఇంకొకటి. ఆ సినిమా పోవడానికి కారణాలు బోలెడు ఉన్నాయి, నేరమంతా సంగీతం మీద వేయను. కానీ పాత బాణీ అనే ఆస్తిని వాడుకునే అవకాశమే అక్కడ సగం లేకుండా పోయింది.

ఇక్కడ పాటలు వేరు, ఆర్ఆర్ వేరు అని విడదీసి చెప్పాలి. మద్రాసులో రీరికార్డింగ్‌ని, అంటే నేపథ్య సంగీతాన్ని, అందరూ ఆర్ఆర్ అనే అంటారు. జాతీయ అవార్డులవాళ్లు కూడా రెండూ వేరు పద్దులుగానే చూస్తారు: 2021 సినిమాలకి ఇచ్చిన 69వ అవార్డుల్లో పాటలకి పుష్ప 1కి గాను దేవిశ్రీ, నేపథ్య సంగీతానికి ఆర్ఆర్ఆర్ సినిమాకి గాను కీరవాణి. పుష్ప 2 పాటలు మొదటి భాగం పాటలంత ఆడలేదు. దానికి ట్యూన్ల కంటే క్యాలెండర్ కారణం అనిపిస్తుంది. ఆగస్టు 15 విడుదల అనుకుని మొదటి పాట 2024 మే 1న, రెండోది మే 29న వదిలారు. సినిమా డిసెంబరుకి జరిగింది. మూడో పాట నవంబరు 24న, చెన్నైలో పెట్టిన వేడుకలోనే బయటికొచ్చింది, నాలుగోది డిసెంబరు 1న. మధ్యలో ఆరు నెలల ఖాళీ, చివర్లో పదకొండు రోజుల హడావుడి. పాట చెవిలో ఊరడానికి కనీసం నాలుగైదు వారాలు కావాలి. పెళ్లి బ్యాండువాళ్లు నేర్చుకోవాలి, ఆటోల్లో మోగాలి. ఆ టైము చివరి రెండు పాటలకి దొరకలేదు. పాటలు తేలికపడ్డా వసూళ్లు ఆగలేదంటే బరువు ఎత్తింది ఆర్ఆర్, పాత థీమ్.

ఆ ఆర్ఆర్ ఎలా కడతారో కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే ఎలివేషన్ సీను (హీరోని ఎత్తి చూపే సీను) పండటమూ తేలిపోవటమూ ఫ్రేముల్లో తేలుతుంది.

సినిమా సెకనుకి 24 ఫ్రేములు. నిమిషానికి 1,440. టెంపో ఎంతో తెలిస్తే ఒక బీటుకి ఎన్ని ఫ్రేములో తెలుస్తుంది: 1,440ని బీపీఎంతో, అంటే నిమిషానికి పడే బీట్లతో, భాగించడమే. 120కి 12 ఫ్రేములు, 96కి 15, 90కి 16, 80కి 18. ఇవి తెగే అంకెలు. 100కి 14.4, తెగదు. ఇప్పుడొక సీను అనుకుందాం. షాట్ మొదలైన 7.5 సెకన్లకి, అంటే 180వ ఫ్రేముకి, తలుపు విరుగుతుంది. 20 సెకన్లకి, 480వ ఫ్రేముకి, హీరో తల తిప్పుతాడు. 96 టెంపోలో 180 అంటే సరిగ్గా 12 బీట్లు, నాలుగు బీట్లకి ఒకటి చొప్పున మూడు ఆవర్తాలు. 480 అంటే 32 బీట్లు, ఎనిమిది ఆవర్తాలు. రెండు దెబ్బలూ సమం మీదే, అంటే ఆవర్తం మొదటి బీటు మీదే పడతాయి, ఏ మెలికా అక్కర్లేదు. అదే సీను 100లో కడితే తలుపు పన్నెండున్నరో బీటులో విరుగుతుంది. దెబ్బ సమం తప్పి సందులో పడుతుంది. హాల్లో ఎవరికీ కారణం తెలియదు, కానీ ఈల వేయబోయిన చెయ్యి ఆగిపోతుంది.

ఇది అయ్యాక, హీరో తల తిప్పే ముందు ఎడిటర్ పది ఫ్రేములు కలిపాడనుకోండి. పెద్ద సినిమాల్లో ఇది రోజూ జరిగే పనే, సీజీ (గ్రాఫిక్స్) షాట్ ఆలస్యంగా వచ్చి కాస్త పొడుగ్గా ఉంటుంది. 480 కాస్తా 490 అవుతుంది. తప్పు మరమ్మతు చివరి ఆవర్తంలో సాగదీయడం: నాలుగు బీట్లలో పది ఫ్రేములు పంచితే టెంపో 96 నుంచి 82కి పడిపోతుంది, బండి బ్రేకు వేసినట్టు వినపడుతుంది. సరైన మరమ్మతు తలుపు దెబ్బ నుంచి తల తిప్పడం దాకా ఉన్న 20 బీట్లకీ పంచడం: 310 ఫ్రేములు భాగించు 20, బీటుకి 15.5, టెంపో దాదాపు 93. వినేవాడి చెవికి తెలియదు. లైవ్‌గా వాయించిన డప్పులు అప్పటికే రికార్డయి ఉంటే మాత్రం ఇలా సాగదీసినప్పుడు దెబ్బ మొన వంగుతుంది, అప్పుడు డప్పుల్ని మళ్లీ వాయించుకోవడమే మేలు. పిక్చర్ లాక్ అయ్యాకే, అంటే ఎడిటింగ్ ఖరారయ్యాకే, ఆర్ఆర్ మొదలుపెట్టాలని సంగీత దర్శకులు మొత్తుకునేది దీనికే. విడుదల తేదీ ముందే ప్రకటించిన సినిమాకి లాక్ అనేది పేరుకే ఉంటుంది.

దెబ్బ ఒకటి రెండు ఫ్రేములు ఆలస్యంగా పడితే ఎవరూ గుర్తుపట్టరు, ముందు పడితే పట్టేస్తారు. ఒక ఫ్రేము 42 మిల్లీసెకన్లు. శబ్దం అంత టైములో పద్నాలుగు మీటర్లు నడుస్తుంది. అణ్ణా సాలై మీది పాత పెద్ద హాళ్లలాంటి వాటిలో వెనక బాల్కనీకి తెర దగ్గర స్పీకర్ శబ్దం రెండు ఫ్రేములు లేటుగా చేరుతుంది. ఆ తేడా అందరి చెవులకీ అలవాటే.

ఇక థీమ్. పార్ట్ 1లో జనం నోట్లో నానిన థీమ్ సాధారణంగా నాలుగు నుంచి ఏడు స్వరాలు, నోటితో కూనిరాగం తీయగలిగేది. పార్ట్ 2లో దాంతో చేయాల్సిన అసలు పని దాచిపెట్టడం. హీరో కనపడిన ప్రతిసారీ పూర్తి బ్రాస్‌తో (ట్రంపెట్లలాంటి వాద్యాలతో) ఊదితే ఇంటర్వెల్‌కే చెవి మొద్దుబారుతుంది. మూడు గంటల సినిమాలో పూర్తి థీమ్ మూడు నాలుగు సార్లు చాలు. మిగతా చోట్ల మొదటి రెండు స్వరాలే, సెల్లో కింద స్థాయిలో, లేదా సగం వేగంలో ఒంటరి ఫ్లూట్ మీద. చెవి మిగతాది తనే పూరించుకుంటుంది. బాహుబలి 2 ఇంటర్వెల్ సీను గుర్తు తెచ్చుకోండి. పట్టాభిషేకం అయ్యేది భల్లాలదేవుడికి, సైన్యాధ్యక్షుడిగా ప్రమాణం చేసేది బాహుబలి. ఆ పేరు వినగానే జనం కేకలు, ఈటెలు నేలకి కొట్టే చప్పుడు, సింహాసనం మీది గొడుగు ఊగడం. అక్కడ జనం గొంతే వాద్యం, ఈటెల చప్పుడే తాళం. కీరవాణి బాణీ వాటి మీద ఎక్కి కూర్చుంటుందే తప్ప వాటిని తొక్కదు.

జాతర సీనుల్లో ఇంకో చిక్కు. చిత్తూరు నుంచి ఆర్కాడు దాకా అమ్మవారి కొలుపుల్లో మోగే డప్పు, పంబ దరువు మనవాళ్ల చెవికి చిన్నప్పటి నుంచి తెలిసిందే. దాన్ని క్లిక్ (టెంపో చూపే టకటక శబ్దం) మీద గీత గీసినట్టు సరిచేస్తే పూనకం పోతుంది. దరువు సహజంగా కొంచెం కొంచెం వేగం పెంచుకుంటూ పోతుంది కాబట్టి క్లిక్‌ని కూడా అలాగే ఎక్కించుకుంటూ పోవాలి: ఆవర్తానికి ఒకటి చొప్పున బీపీఎం పెంచితే ఎక్కడ ఎక్కిందో తెలియకుండానే ఒంట్లోకి ఎక్కుతుంది.

పుష్ప 2 విడుదల దగ్గరపడ్డాక నేపథ్య సంగీతం పని పంచుకోవాల్సి వచ్చిన సంగతి బహిరంగమే. టైటిల్స్‌లో అదనపు నేపథ్య సంగీతం కింద శామ్ సీఎస్ పేరు పడింది. ఇందులో చిన్నతనం ఏమీ లేదు, లెక్క చూడండి. 200 నిమిషాల సినిమాలో 120 నిమిషాలు ఆర్ఆర్ ఉందనుకుంటే, రోజుకి నాలుగు నిమిషాలు పూర్తి చేసే మనిషికి ముప్పై రోజులు. చేతిలో పది రోజులే ఉంటే ముగ్గురు కావాలి. పంచుకున్నప్పుడు కుట్లు కనపడే చోట్లు మూడు. శ్రుతి మొదటిది: ఒకరు క్యూని (ఒక సీనుకి కట్టిన సంగీతం ముక్కని) ఒక శ్రుతిలో ముగించి, తర్వాతి క్యూని ఇంకొకరు అర స్వరం పైన మొదలుపెడితే సీను మారినట్టు వినపడుతుంది. రెండోది అడుగు శబ్దం: ఒకరి డ్రమ్స్ 50 హెర్ట్జ్ దగ్గర బరువుగా, ఇంకొకరివి 80 దగ్గర బిర్రుగా ఉంటే రీలు మారగానే సినిమా సన్నబడినట్టు ఉంటుంది. మూడోది కోరస్, ఒకే బృందాన్ని అందరికీ వాడకపోతే గొంతుల రంగు మారిపోతుంది. కాబట్టి అసలు సంగీత దర్శకుడు ఇవ్వాల్సింది థీమ్ స్వరాలుండే మిడి ఫైలు ఒక్కటే కాదు, టెంపో మ్యాపు, శ్రుతుల పట్టిక, వాడిన డప్పుల శాంపిల్స్, కోరస్ విడి ట్రాకులు కూడా. క్యూల పేర్లు కూడా ఒకే వరసలో ఉండాలి: మూడో రీలు రెండో మ్యూజిక్ అయితే 3ఎం2. ఈ వరస తప్పితే మిక్సింగ్ రాత్రి పాత వెర్షన్ ఎక్కేసే ప్రమాదం ఉంది.

మిక్సింగ్‌లో డైలాగు, మ్యూజిక్, ఎఫెక్ట్స్ మూడు కట్టలుగా విడిగా ఉంచుతారు. ఆరు భాషల్లో వచ్చే సినిమాకి మారేది డైలాగు, పాటల గొంతు మాత్రమే. ఆర్ఆర్ అందరికీ ఒకటే అని అనుకుంటాం గానీ పూర్తిగా నిజం కాదు. తెలుగులో రెండు సెకన్లలో అయ్యే పంచ్ తమిళంలో మూడు సెకన్లు పడితే, ఆ దెబ్బ డైలాగు చివరి మాట మీద పడుతుంది. అప్పుడు మ్యూజిక్‌ని అక్కడ రెండు మూడు డీబీ (డెసిబెల్) తగ్గించాలి, లేదా దెబ్బని జరపాలి. డబ్బింగ్ వెర్షన్ల మిక్సింగ్‌కి మిగిలే టైము తక్కువ కాబట్టి చాలాసార్లు వదిలేస్తారు. చెన్నైలో తెలుగు, తమిళం రెండు వెర్షన్లూ ఒకే కాంప్లెక్స్‌లో ఆడతాయి, రెండూ చూసినవాళ్లకి ఈ తేడా తెలుస్తుంది. తెలుగు వచ్చినవాళ్లు తెలుగు ఆట వెతుక్కోవడమే మంచిది, ఆర్ఆర్ కోసమైనా. ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) వైపు ఐటీవాళ్ల పుణ్యమా అని తెలుగు ఆటలు బాగానే ఉంటాయి. ఉత్తర మద్రాసులో మొదటి వారం దాటితే దొరకడం కష్టం. బుకింగ్ యాప్‌లో భాష గడి చూడకుండా నొక్కేసి హాల్లో కూర్చున్నాక నాలుక కరుచుకున్నవాళ్లు తక్కువేం లేరు.

అన్నీ సరిగ్గా చేసినా చివరి తాళంచెవి థియేటర్ ప్రొజెక్షన్ గదిలో ఉంటుంది. మిక్సింగ్ హాల్లో ఫేడర్ని (శబ్దం పెంచే తగ్గించే మీటని) 7 దగ్గర పెట్టి బ్యాలెన్స్ చేస్తారు. హాల్లో గట్టిగా ఉందని ఎవరో ఫిర్యాదు చేయగానే ఆపరేటర్ 5కి తగ్గిస్తాడు. ఆ ప్రాసెసర్లలో 4కి పైన ఒక్కో అంకెకి 3.3 డీబీ. అంటే 6.7 డీబీ పోయింది. దెబ్బలు అప్పటికీ వినపడతాయి. పోయేది సెల్లో మీద దాచిపెట్టిన ఆ రెండు స్వరాలు, డైలాగు వెనక తంబూరాలా సన్నగా నడిచే డ్రోన్ స్వరం, గుసగుస మాటలు. ఫలితంగా ఆర్ఆర్ అంతా ఢాం ఢాం తప్ప ఏమీ లేదనిపిస్తుంది. అలాగని మిక్సింగ్‌లోనే అన్నీ పెంచేస్తే ఆపరేటర్ ఇంకా తగ్గిస్తాడు. ఈ పోటీ ఏళ్లుగా నడుస్తోంది, ఓడేది డైలాగు. పైగా అభిమానుల ఈలలు పడేది సరిగ్గా మాట స్పష్టత ఉండే 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్యే. తెలిసినవాళ్లు పెద్ద ఎలివేషన్ తర్వాత మూడు నాలుగు సెకన్లు డైలాగు పెట్టకుండా వదిలేస్తారు. మొదటి రోజు ఆ ఖాళీ ఈలలతో నిండుతుంది, ఇరవయ్యో రోజు సగం ఖాళీ హాల్లో అదే ఖాళీ సాగదీసినట్టు అనిపిస్తుంది.

విడుదలయ్యాక కత్తిరించినప్పుడు జరిగేది ఇంకో రకం నష్టం. ఇండియన్ 2కి 12 నిమిషాలు తగ్గించారు. పుష్ప 2కి రివర్సులో 2025 జనవరి 17 నుంచి 20 నిమిషాలు కలిపారు. కలపడం ఆర్ఆర్‌కి తేలిక, కొత్త ముక్కకి కొత్త క్యూ కడతారు. తగ్గించడం కష్టం. సీను మధ్యలో 40 సెకన్లు తీస్తే మ్యూజిక్ రెండు కొసలూ వేరే శ్రుతిలో, వేరే బీటులో ఉంటాయి. ఆవర్తం సరిహద్దు మీద కోసి, రివర్బ్ (శబ్దం ఆగాక మిగిలే మోత) తోకని పది పన్నెండు ఫ్రేములు మీదకి లాగితే అతుకు కనపడదు. దానికి విడి ట్రాకులు చేతిలో ఉండాలి. ఒక్క రాత్రిలో పూర్తి మిక్స్ మీద కోస్తే తాళం తడబడి, కుర్చీలో కూర్చున్న పిల్లాడు కూడా తల ఎత్తి చూస్తాడు. తగ్గించిన వెర్షన్‌కి కొత్త సినిమా ఫైళ్ల ప్యాకేజీ, దాన్ని తెరిచే కొత్త డిజిటల్ కీ స్క్రీన్ స్క్రీన్‌కీ పంపాలి. కీ ఆ సర్వర్‌కి, ఆ వెర్షన్‌కి, ఆ తేదీలకి మాత్రమే పనిచేస్తుంది. ఒకటి రెండు రోజులు ఒకే ఊళ్లో రెండు నిడివిలు ఆడటం ఇందువల్లే.

చెన్నైలో ఇలాంటి సినిమా ఆర్ఆర్ వినాలంటే మొదటి శనివారం కంటే రెండో వారం మంగళ, బుధవారాల సాయంత్రం ఆట పట్టుకోండి. ఈలలు తగ్గి ఉంటాయి, టికెట్ రేటు అదే. తెర నుంచి హాలు పొడవులో మూడింట రెండు వంతుల దూరంలో, మధ్య సీటు. గోడ పక్క సీటు తీసుకుంటే సరౌండ్ స్పీకర్ ఒక్కటే చెవిలో మోగుతుంది. ఆట మొదలయ్యాక డైలాగు అందకపోతే, మ్యూజిక్ తగ్గించమని కాకుండా ఫేడర్ ఎంతలో ఉందో అడగమని చెప్పండి మేనేజర్‌కి. 5 దగ్గర గానీ ఇంకా కింద గానీ ఉందంటే అరకి అర పెంచమనండి, ఆ రెండు స్వరాలు అప్పుడు పైకొస్తాయి.